మూడింటి పువ్వు

ఆ ఆఫీసులో ఆమెను అందరూ బొమ్మలమ్మ అనేవారు. ఎవరు మొదలుపెట్టారో గాని, చేరిన రెండో ఏడాదికే ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడకుండా పోయింది.

ఎండబెట్టిన మొక్కలను దాచిపెట్టే భవనం అది. మూడు అంతస్తుల నిండా ఇనుప బీరువాలు. ఒక్కో బీరువాలో అట్టల మీద అతికించిన మొక్కలు, వేళ్ళతో సహా, ఏ ఊరి ఏ గట్టున ఏ రోజున పీకారో కింద చీటీతో సహా. తలుపు తీస్తే చాలు, కలరా ఉండల వాసన గుప్పున కొట్టేది. ఇంటికి వెళ్ళాక స్నానం చేసినా జుట్టులోంచి పోయేది కాదు. రెండో అంతస్తులో ఉత్తరపు కిటికీ పక్కన ఆమె బల్ల. బల్ల మీద ఒక భూతద్దం, ఒక పాత మైక్రోస్కోపు, నల్లసిరా బుడ్డి, వెంట్రుకంత సన్నని గీత గీసే పాళీలు. పండితులు పుస్తకాలు రాస్తే, ఆ పుస్తకాలకు బొమ్మలు గీయడం ఆమె పని. అందమైన దస్తూరీ కాబట్టి అట్టల మీద లాటిన్ పేర్లు రాసే పని కూడా ఆమె నెత్తినే పడింది.

ఆ ఉద్యోగం బావ వేయించినది. అక్క మొగుడు ఆ భవనానికి పెద్ద అధికారి. తండ్రి పోయి, ఇంట్లో నలుగురూ తలో దిక్కు చూస్తున్న రోజుల్లో, "మా చెల్లెలు బొమ్మలు బాగా గీస్తుంది, ఎక్కడన్నా చూడండి" అని అక్క ఆయన చెవిన వేసింది. ఆయన చూశాడు. ఉండటానికి తన ఇంట్లోనే వెనక గది ఇచ్చాడు. చేసిన మేలు ఎత్తి ఆయన ఏనాడూ దెప్పలేదు. దెప్పడానికి చుట్టాలు ఉండనే ఉన్నారు. "బావ పుణ్యాన నీడపట్టున ఉన్నావు" అని పెళ్ళిలో, పేరంటంలో, చావు ఇంట్లో కూడా ఎవరో ఒకరు అనేవారు. ఆమె తల ఊపేది. నిజమే కదా అనుకునేది కూడా.

ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళప్పుడు బావ కలుపుమొక్కల మీద ఒక పుస్తకం తలపెట్టాడు. అందులోకి గోడవార నీలిపువ్వు బొమ్మ ఒకటి కావలసి వచ్చింది. ఆ పువ్వును ఎరగనివాళ్ళు ఉండరు. గోరంత పువ్వు, అయిదు రేకలు. కాలవ గట్టున, బస్సు షెడ్డు గోడ పగుళ్ళలో, ఆఫీసు మెట్ల సందుల్లో ఎక్కడ చూసినా అదే. జనానికి అది పిచ్చిమొక్క. పొద్దున విచ్చుకుని, ఎండెక్కి పన్నెండు కొట్టేసరికి ముడుచుకుపోతుందని పుస్తకాలన్నీ ఒకే మాట చెబుతాయి.

ఎండిన మొక్కను చూసి గీస్తే ప్రాణం ఉండదని బొమ్మలమ్మ పట్టుదల. పొద్దున షెడ్డు గోడ దగ్గర ఒక మొక్క పీకి తెచ్చుకుని గీసింది. రేక వంపు దగ్గర అనుమానం వచ్చి, మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళింది, ముడుచుకున్న పువ్వు ఎలా ఉంటుందో చూద్దామని. పొద్దున విచ్చినవన్నీ ముడుచుకునే ఉన్నాయి. వాటి పక్కనే, అదే పగులులోంచి, ఇంకో మొక్క నిండా పువ్వులు విచ్చుకుని ఉన్నాయి. టైము చూసుకుంది. మూడు.

మర్నాడూ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. రెండు నెలలపాటు రోజూ రెండు పూటలా ఆ గోడ దగ్గర గొంతుక్కూర్చుంది. షెడ్డులో టిక్కెట్లు చింపేవాళ్ళు మొదట నవ్వారు, తరవాత అలవాటుపడి పలకరించడం మొదలుపెట్టారు. పొద్దుటి మొక్క ఎప్పుడూ పొద్దుటిదే, మూడింటి మొక్క ఎప్పుడూ మూడింటిదే. ఒకటి ఇంకోటి అయిన రోజు లేదు. పువ్వు కింద దొప్ప మీద నూగు ఒకదానికి పైకి తిరిగి ఉంటే, ఇంకోదానికి కిందికి. కాయ పగలగొట్టి గింజలను మైక్రోస్కోపు కింద పెడితే, ఒకటి నున్నగా, ఒకటి గరుకుగా, చీమ తల మీద ఇసుక చల్లినట్టు. అట్టకు అతికించి ఎండబెడితే మాత్రం రెండూ అక్కచెల్లెళ్ళలా ఒకేలా అయిపోతాయి. బీరువాలు తెరిచి చూసేవాళ్ళకు దొరకని తేడా గోడ దగ్గర గొంతుక్కూర్చున్న మనిషికి దొరికింది.

రెండు మొక్కలనూ పక్కపక్కన రెండు కాగితాల మీద గీసింది. నూగు, గింజలు, విచ్చుకునే వేళలు అన్నీ చేర్చింది. కింద తేదీ వేసి సంతకం చేసింది. రెండోదాని కింద పెన్సిలుతో 'మూడింటి పువ్వు' అని రాసుకుంది. తీసుకెళ్ళి బావ బల్ల మీద పెట్టింది.

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని రెండు బొమ్మలూ చూశాడు. నవ్వాడు. చెడ్డ నవ్వేమీ కాదు, చిన్నపిల్ల పళ్ళు ఊడితే నవ్వే నవ్వు.

"ఇంత మామూలు మొక్క. రెండు వందల ఏళ్ళ నుంచి ఎంతమంది చూసుంటారు? వాళ్ళందరి కళ్ళూ పోయాయంటావా?"

"గింజలు చూడండి బావా. నేను నలభై మొక్కల్లో చూశాను."

"నేల తేడా అయుంటుంది. ఎండ తేడా అయుంటుంది. నువ్వు గీసేది గియ్యి, తేల్చేది మేం తేలుస్తాం."

తీరిగ్గా చూస్తానని బొమ్మలు సంచిలో పెట్టుకున్నాడు. పుస్తకంలోకి పొద్దుటి పువ్వు బొమ్మ ఒక్కటే వెళ్ళింది. ఆరు నెలల తరవాత ఒకసారి అడిగితే, "ఇంకా అదే పట్టుకున్నావా" అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. వాళ్ళ ఉప్పు తింటున్న మనిషికి అంతకంటే గొంతు ఎక్కడ లేస్తుంది?

తొమ్మిదేళ్ళు గడిచాయి.

బావకు ఒక దిగులు ఉండేది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన వేల మొక్కలకు ఎవరో పెట్టిన పేర్లు సరిచూశాడు, తప్పులు దిద్దాడు, బీరువాలు సర్దించాడు. తాను మాత్రం ఒక్క మొక్కకూ పేరు పెట్టలేదు. ఆ వృత్తిలో అది బిడ్డలు లేకపోవడం లాంటిది. పేరు పెట్టినవాడి పేరు ఆ మొక్క పేరు వెనకాలే పుస్తకాల్లో నిలిచిపోతుంది. తనకంటే చిన్నవాళ్ళు అడవుల్లో తిరిగి రెండూ మూడూ పెట్టుకున్నారు. కంచం ముందు కూర్చుని, "నా పేరున గడ్డిపరకైనా లేదు" అని ఆయన అంటూంటే, ఇంట్లోవాళ్ళు అది నూరోసారి వింటున్నట్టు మొహం పెట్టేవారు.

రిటైరవడానికి ఏడాది ఉందనగా, ఒకరోజు భోజనాల దగ్గర ఆయనే చెప్పాడు. కొత్త జాతి ఒకటి దొరికిందట. అందరూ రోజూ తొక్కుకుంటూ పోయే నీలిపువ్వు నిజానికి ఒకటి కాదట, రెండట. రెండోదానికి పేరు పెడుతున్నాడట, అక్క పేరు మీదే. కూతురు చప్పట్లు కొట్టింది. అక్క తల వంచుకుని కంచంలోకి చూసింది. బొమ్మలమ్మకు నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

మర్నాడు ఆఫీసులో ఆయన గదికి వెళ్ళింది. గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"బావా, అది నేను చూపించిందే కదా."

ఆయన కాదనలేదు. అదే ఆమెను ఎక్కువ కోసింది.

"చూపించావు. చూడటం వేరు, తేల్చడం వేరు. ఆ మొక్క పక్కనుంచి రోజూ కుక్కలు కూడా పోతాయి, అవీ చూస్తాయి." ఆ మాట తన చెవికే మోటుగా తగిలిందేమో, గొంతు తగ్గించాడు. "ఎన్ని అట్టలు తిప్పాలి, ఎన్ని పాత పుస్తకాలతో పోల్చాలి, లాటిన్‌లో వర్ణన రాయాలి. ఇవన్నీ నీవల్ల అయ్యేవా? వ్యాసం చివర్లో నీకు కృతజ్ఞత చెబుతున్నాను. బొమ్మ మాత్రం కొత్తగా గీసివ్వు. తేదీ వెయ్యకు."

ఆమె గీసింది. ఎందుకు గీశావని తరవాత తనను తానే చాలాసార్లు ప్రశ్నించుకుంది. చెయ్యి వేరే ఏదీ ఎరగదు, అంతే. మూడింటి పువ్వును అంత బాగా ఆమె కూడా ఇంకెప్పుడూ గీయలేదు. నూగు ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టుకోవచ్చు. బొమ్మ కింద పేరు రాయమని బావ చీటీ ఇచ్చాడు. అక్క పేరుకు లాటిన్ తోక తగిలించిన పేరు. ఆడమనిషి పేరు మీద పెట్టిన పేరు ఒకలా ముగియాలి, మగవాడి పేరు మీద పెట్టింది ఇంకోలా ముగియాలి. ఇరవై మూడేళ్ళుగా అట్టల మీద ఆ పేర్లు రాసిన చెయ్యి కాబట్టి ఆమెకు చూడగానే తెలిసింది. కంగారులో ఆయన మగ తోక పెట్టాడు. అక్కను మగాణ్ణి చేశాడు.

పాళీ ఎత్తి పట్టుకుని ఒక్క నిమిషం ఆగింది. గది అవతలే ఉన్నాడు, లేచి చెబితే సరిపోయేది. చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు, తన జీవితంలోకెల్లా అందమైన దస్తూరీతో, ఆ తప్పునే రాసింది. ఎవరో ఒకరు పట్టుకుంటారు, నలుగురిలో నవ్వులపాలవుతాడు అనుకుంది. ఎవరూ పట్టుకోలేదు. చూసి ఆమోదించిన పండితులు పట్టుకోలేదు, అచ్చువేసినవాళ్ళు పట్టుకోలేదు. చివరి పేజీలో కృతజ్ఞతలు కూడా అచ్చయ్యాయి: పటం గీసిన చిత్రకారిణికి, అని. ఆ చిత్రకారిణి ఎవరో రాయడానికి చోటు చాలలేదు కాబోలు.

ఆఫీసులో సభ పెట్టారు. అక్కను వేదిక మీదికి పిలిచి, ఆ బొమ్మకు అద్దం కట్టించి చేతికిచ్చారు. వెనక వరసలో స్టోరు గుమస్తా, "అత్త సొమ్ము అల్లుడు దానం విన్నాం గాని, మరదలి సొమ్ము బావ దానం ఇదే చూడటం" అని పక్కవాడి చెవిలో గొణిగాడు. అంటే తెలిసినవాళ్ళు ఉన్నారన్నమాట. తెలిసినవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

ఇంటికి వచ్చాక, బొమ్మను ముందుగదిలో ఎక్కడ తగిలించాలా అని బావ, కూతురు మేకు పట్టుకుని తిరుగుతుంటే, వంటింట్లో బొమ్మలమ్మ అక్కతో జరిగింది చెప్పింది. తొమ్మిదేళ్ళ కిందటి బొమ్మల సంగతి, షెడ్డు గోడ సంగతి, అన్నీ. అక్క గిన్నెలు తోముతూనే వింది. కుళాయి కట్టేసి చేతులు తుడుచుకుంది.

"నాకు తెలుసే. ఆ బొమ్మలు ఇన్నాళ్ళూ నా బీరువాలోనే ఉన్నాయి. నేనే తీసి ఇచ్చాను."

బొమ్మలమ్మకు చప్పున అర్థం కాలేదు.

"మీ బావకు అవి గుర్తే లేవు. ఆయన పడే బాధ చూళ్ళేక, ఇదిగో మా చెల్లెలు ఎప్పుడో ఏదో గీసింది, చూడండి అని నేనే ముందు పెట్టాను. ఏం, తప్పా? నీకు పేరెందుకు? మొగుడా, పిల్లలా, ఎవరికి చూపించుకుంటావు? ఆయన పరువు నిలబడితే నీ నీడ కూడా నిలబడినట్టే."

"నన్నొక్క మాట అడగాల్సింది అక్కా."

"అడిగితే ఇచ్చేదానివేగా. ఇచ్చేదాన్ని అడగడమెందుకు?"

ఆ వారంలోనే బొమ్మలమ్మ వెనక గది ఖాళీ చేసింది. ఆఫీసుకు నాలుగు వీధుల అవతల, బట్టలు ఇస్త్రీ చేసేవాళ్ళ మేడ మీద ఒక గది తీసుకుంది. ఆరిన గుడ్డల వాసన కలరా ఉండల వాసన కంటే నయం అనిపించింది. బావ రిటైరయ్యాడు. ఆరేళ్ళకు ఒక పొద్దున పక్షవాతం వచ్చి పోయాడు. ఆమె వెళ్ళి వెనక వరసలో నిలబడి వచ్చింది. అక్క ఆమెను చూసింది, పిలవలేదు. అక్క కూతురు వరస తప్పకుండా "పిన్నీ, భోజనం చేసి వెళ్ళు" అంది. ఆకలి లేదని చెప్పి వచ్చేసింది.

ఆమె కూడా రిటైరైన ఏడాది, ఇంకో ఊరి నుంచి ఒక పరిశోధకురాలు వెతుక్కుంటూ ఆ మేడ మెట్లెక్కి వచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, మోకాళ్ళ దాకా దుమ్ము. నీలిపువ్వుల కుటుంబం మొత్తం మీద పెద్ద పుస్తకం రాస్తోందట. బావ పోయాక ఆయన కాగితాల పెట్టెలన్నీ కూతురు ఆఫీసుకు ఇచ్చేసింది. ఆ పెట్టెల్లో అడుగున ఒక కవరు దొరికిందని, సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. ఆ రెండు బొమ్మలే. బావ కాగితం ముక్కనైనా పారేసే మనిషి కాడు. వృత్తి అలాంటిది. కవరు మీద తన చేత్తో అందిన తేదీ కూడా వేసి ఉంచాడు.

"ఇందులో సంతకం మీదేనా అమ్మా?"

బొమ్మలమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. పెన్సిలు రాత మాసిపోయింది గాని, చదవడానికి వస్తోంది. ఎవరికీ చెప్పనిదంతా ఆ పిల్లకు ఒక్కబిగిన చెప్పింది. గోడ, గింజలు, కుక్కల మాట, వంటింటి మాట. చివరికి మగ తోక సంగతి కూడా చెప్పింది. ఆ పిల్ల రాసుకోవడం ఆపేసి, మధ్యలోనే కోపంతో లేచి నిలబడింది. ఇది బయటపెడతాననీ, వదలననీ చెప్పి వెళ్ళింది.

తరవాతి రెండు నెలలూ బొమ్మలమ్మ తపాలా మనిషి సైకిలు చప్పుడు కోసం ఎదురు చూసింది. యాభై తొమ్మిదేళ్ళ వయసులో ఇదేం ఆశ అని తిట్టుకుంటూనే చూసింది. పువ్వు పేరు మారుస్తారేమో, తన పేరు పెడతారేమో అని కూడా ఒకటి రెండు సార్లు అనుకుంది. తన పేరు చివర ఏ తోక రావాలో కాగితం మీద రాసి చూసుకుని, ఎవరూ చూడకపోయినా సిగ్గుపడి చింపేసింది.

ఉత్తరం వచ్చింది. పిల్ల నిజాయితీగానే రాసింది. పేరు మార్చడం కుదరదు. నియమాల పుస్తకంలో కనిపెట్టింది ఎవరన్న ప్రశ్నే లేదు, పద్ధతి ప్రకారం ముందు అచ్చువేసింది ఎవరన్నదే లెక్క. ఒకసారి అచ్చయిన పేరు అన్యాయమైనా సరే నిలుస్తుంది. అయితే వ్యాకరణం తప్పు మాత్రం నిలవదు. మగ తోక తీసి ఆడ తోక పెట్టడం తప్పనిసరి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అది దిద్దేశారు. ఇక మిగిలింది ఒక్క వాక్యం: ఈ తేడాను మొదట గమనించింది ఫలానా చిత్రకారిణి, అని. ఆ వాక్యం తాను రాసిందట. పుస్తకం పెద్దలు, పేరు పెట్టినాయన కుటుంబాన్ని కూడా ఒక మాట అడగమన్నారట. ఆయన భార్య ఉత్తరం రాసింది. 'అది మా ఆయన ఆనాడే కనిపెట్టి, చెబుతుంటే మా చెల్లెలు గీసినది' అని. బొమ్మ మీది తేదీకి ఆ మాటా సరిపోతుంది, ఈ మాటా సరిపోతుంది. ఇంటి గొడవలు పుస్తకంలో వద్దన్నారు పెద్దలు. వాక్యం తీసేశారు. క్షమించమని పిల్ల రెండుసార్లు రాసింది.

బొమ్మలమ్మ ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుని, బావ పోయిన రోజు తప్ప పన్నెండేళ్ళుగా గడప తొక్కని అక్క ఇంటికి వెళ్ళింది. అక్క ముందుగదిలో కిటికీ దగ్గర కూర్చుని ఉంది. చిక్కిపోయింది. వచ్చింది ఎవరో చూసింది.

"ఉత్తరం నా అంతట నేనే రాశాను," అంది. "ఎవరూ రాయించలేదు."

"ఊరుకోవాల్సింది. నేను నిన్ను ఏమీ రాయమనలేదు."

"ఊరుకుంటే ఒప్పుకున్నట్టు కాదూ? కట్టుకున్నవాణ్ణి, చచ్చినవాణ్ణి, నా చేత్తో దొంగని చెయ్యమంటావా? నాకు మిగిలింది ఆ పేరొక్కటే. అదీ నీ మొహాన కొట్టమంటావా?"

బొమ్మలమ్మ గోడ మీది అద్దం కట్టిన బొమ్మను చూపించింది. ఇన్నేళ్ళూ ఆ పేరులో నువ్వు మగాడివిగా ఉన్నావక్కా, ఇప్పుడే దిద్దారు అని చెప్పింది. అక్కకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. లాటిన్ తోకల సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. లేచి దగ్గరగా వెళ్ళి, ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసింది.

"ఇది నీ దస్తూరీ కదే."

"నాదే."

"తెలిసే రాశావా?"

"తెలిసే."

అక్క అద్దం మీంచి వేలు తీసింది. తరవాత నవ్వింది. ఆ నవ్వులో సంతోషం నలుసంత లేదు.

"అయితే మనిద్దరం ఒక తల్లి బిడ్డలమే. నేనొక్కదాన్నే చెడ్డదాన్ని అనుకుని కుళ్ళిపోయాను ఇన్నాళ్ళూ."

తిడితే బొమ్మలమ్మ తిరిగి తిట్టేది, ఏడిస్తే తానూ ఏడ్చేదేమో. ఈ మాటకు మాత్రం సంచి అందుకుని, వస్తానని కూడా అనకుండా మెట్లు దిగింది. ఆ ఏడాది చివర అక్కకు ఒంట్లో బాగాలేదని కూతురు కబురు పెట్టింది. బొమ్మలమ్మ ఇస్త్రీవాళ్ళ చేత ఊళ్ళో లేనని చెప్పించింది.

పెద్ద పుస్తకం వచ్చింది. పిల్ల ఒక ప్రతి పంపింది. బొమ్మలమ్మ దాన్ని ఇంకా విప్పలేదు, కట్టిన తాడు కట్టినట్టే ఉంది. ఇప్పుడామె నీటి పంపులు తయారుచేసే కంపెనీ ఒకదానికి బొమ్మలు గీస్తోంది. కుళాయిలు, మరలు, రబ్బరు ఉంగరాలు, వాటిని ఎలా విప్పాలో ఎలా బిగించాలో. వాళ్ళు వాటికి పేర్లు పెట్టరు, నంబర్లు వేస్తారు. మొన్న ఒక మర బొమ్మలో చుట్లు ఎదురు దిక్కుకు తిరిగి ఉన్నాయని ఫోర్‌మన్‌కు చూపించింది. తప్పు వాళ్ళ నమూనాలోదే. ఆయన చూసి, అవునని ఒప్పుకుని, కాగితం మూల ఆ తప్పు ఎవరు పట్టుకున్నారో రాయమని గుమస్తాకు చెప్పాడు. గుమస్తా తలెత్తి మీ పేరేమిటండీ అని అడిగాడు.

ఆమె, అక్కర్లేదు, మర దిద్దితే చాలు అంది.